కీమో తర్వాత రెండో రోజు మొదలయ్యే వికారం

మీ అమ్మగారికి కీమో ఎక్కించిన రోజు బాగానే ఉండి, మర్నాటి నుంచి వికారం పట్టుకుంటోందని, వంట వాసన కూడా పడట్లేదని రాశారు. ఆలస్యంగా వచ్చే ఈ రకం వికారం రెండు మూడు రోజుల్లో ఎక్కువై తర్వాత తగ్గుతుంది. ఒండాన్‌సెట్రాన్ (వాంతులు ఆపడానికి మామూలుగా ఇచ్చే మందు) ఒక్కటే దీనికి చాలకపోవచ్చు. అప్రెపిటాంట్, డెక్సామెథసోన్, ఒలాంజపిన్ లాంటి మందులు కూడా అవసరమేమో వచ్చే విడత కీమోకి ముందే డాక్టర్‌ని అడగండి. ఒలాంజపిన్ మానసిక వ్యాధులకు కూడా వాడతారని చదివి కంగారు పడకండి. వాంతులు ఆపడానికి అది బాగా పనిచేస్తుంది, కాకపోతే మగతగా ఉంటుంది. వాంతి వచ్చేదాకా ఆగొద్దు, రాసిచ్చిన వేళకే మాత్ర వేయండి.

పోపు పెట్టేటప్పుడు ఆవిణ్ణి వేరే గదిలో ఉంచండి. వేడి అన్నం కన్నా చల్లారిన ఇడ్లీ, తాజా పెరుగన్నం తేలిగ్గా దిగుతాయి, వాసన తక్కువ కాబట్టి. కొంచెం కొంచెంగా, రెండు గంటలకోసారి. దయచేసి "ఇంకో ముద్ద తినమ్మా" అని బలవంతం చేయకండి. ఇష్టమైన కూరలు ఆ రోజుల్లో వండకపోవడమే మంచిది, తర్వాత వాటి మీదే విరక్తి పుడుతుంది.

ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, అదీ వికారాన్ని పెంచుతుంది, డాక్టర్‌కి చెప్పండి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అర్ధరాత్రైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.