రివోనియా కథ పంపిన యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా, ఆయన సహచరుల మీద నడిచిన రివోనియా కేసు గురించి నువ్వు రాసిన కథ అందింది. ప్రిటోరియా కోర్టు వర్ణన బాగుంది. అయితే ప్రాసిక్యూటర్ పెర్సీ యూటర్ మండేలాను సాక్షి బోనులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేసే ఘట్టం చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ క్రాస్ ఎగ్జామినేషన్ జరగనే లేదు. 1964 ఏప్రిల్ 20న మండేలా ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పలేదు. నిందితుల స్థానంలోనే నిలబడి తన ప్రకటన చదివారు, అలా చదివిన వారిని ప్రశ్నించే హక్కు ప్రాసిక్యూటర్‌కు లేదు. ఆ తరువాత ప్రమాణం చేసి, రోజుల తరబడి యూటర్ ప్రశ్నలను ఎదుర్కొన్నవారు మండేలా సహనిందితుడు వాల్టర్ సిసులు. నీ కథలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యం.

రాజకీయ కేసుల మీద రాసేవారు ప్రసంగాల కంటే ముందు ప్రశ్నోత్తరాలు చదవాలని నా గట్టి నమ్మకం. 1963 జులైలో రివోనియాలో ఉద్యమకారుల రహస్య స్థావరమైన లిలీస్‌లీఫ్ వ్యవసాయ క్షేత్రంలో పోలీసులకు దొరికిన కాగితాలలో 'ఆపరేషన్ మాయిబుయే' అనే గెరిల్లా యుద్ధ పథకం ఉంది. ఉద్యమ నాయకత్వం దాన్ని ఆమోదించిందా, చర్చించి ఆగిందా అన్నదే నిందితుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. యూటర్ ఎంత తరచి అడిగినా సిసులు, ఆమోదించలేదన్న మాట మీదే నిలిచారు, సహచరులను ఇరికించే జవాబులు ఇవ్వడానికి నిరాకరించారు. జడ్జి క్వార్టస్ డి వెట్ చివరకు ఆ మాటను అంగీకరించారు. ఉరి తప్పదనుకున్న కేసులో జూన్ 12న ఎనిమిది మందికి యావజ్జీవ శిక్ష పడింది. ఇంతకంటే ఉత్కంఠ ఏ కల్పన ఇస్తుంది?

నా యౌవనంలో ఒక కుట్ర కేసు మీద నవల రాయడానికి, వకీలు గుమాస్తా దయతో దొరికిన కోర్టు నకళ్లను రాత్రిపూట లాంతరు వెలుగులో చేత్తో ఎత్తిరాసుకున్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు పాఠకులకు కన్నీళ్లు కావాలి గానీ కోర్టు కాగితాలు అక్కరలేదంటూ సాక్షుల విచారణ అధ్యాయాలన్నీ కొట్టేశాడు. ఆ కోతను నేను ఈనాటికీ క్షమించలేదు. మన చారిత్రక కథలు నినాదంతో మొదలై నినాదంతో ముగుస్తున్నాయంటే అలాంటి అభిరుచే కారణం.

నీకు ఆ కష్టం లేదు. రివోనియా విచారణను డిక్టాబెల్టులనే ప్లాస్టిక్ పట్టీల మీద రికార్డు చేశారు. వాటిని వినిపించే యంత్రాలు వాడుకలోంచి పోయినా, ఫ్రాన్సు జాతీయ దృశ్యశ్రవణ సంస్థ 591 పట్టీల ధ్వనిని డిజిటల్ రూపంలోకి మార్చింది. యునెస్కో 2007లో ఈ కేసు రికార్డును 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేర్చింది. 1993లో దక్షిణాఫ్రికా గూఢచార సంస్థ దాదాపు 44 టన్నుల రికార్డులను ధ్వంసం చేసిందని, వర్ణవివక్ష పాలన నాటి అకృత్యాలను విచారించిన సత్య, సమన్వయ కమిషన్ నివేదిక చెబుతోంది కనుక, మిగిలిన ప్రతి పట్టీనీ గౌరవించాలి.

సిసులు సాక్ష్యం దొరికినంత మేరకు విని, ఆ ఘట్టాన్ని తిరిగి రాసి పంపు. పోటీకి పంపే సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.