మిగిలిపోతున్న అచ్చు కాపీల గురించి

మీ మాసపత్రిక మొత్తాన్ని అచ్చు సంచిక వచ్చిన రోజే నెట్‌లో పెడుతున్నారని, అచ్చు కాపీలు సగం మిగిలిపోతున్నాయని రాశారు. దయచేసి అచ్చు మాత్రం ఆపేయకండి. త్రైమాసికంగా మార్చండి. వార్తలు నెట్‌కి వదిలేసి, పెద్ద వ్యాసాలు, బొమ్మలు కొన్నాళ్లపాటు అచ్చుకే ఉంచండి. గమ్ బైండింగ్ బదులు దారంతో కుట్టించండి. పుస్తకం పూర్తిగా విచ్చుకుంటుంది, రెండు పేజీల మీదుగా వేసిన బొమ్మ మధ్య మడతలో దాగిపోదు. అలాంటి ప్రతిని ఎవరైనా దాచుకుంటారు. పాటలన్నీ స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నా, అమెరికాలో 2020లో వినైల్ (గ్రామఫోన్ తరహా) రికార్డుల రాబడి సీడీలను దాటింది కదా!

ముందస్తు ఆర్డర్లు తీసుకున్నాకే ప్రెస్‌కి వెళ్లండి. వందా రెండొందల కాపీలకైతే డిజిటల్ ప్రింటింగ్ మేలు, ఆఫ్‌సెట్ ముద్రణకు చేయించాల్సిన ప్లేట్ల ఖర్చు తప్పుతుంది. చందాదారులకు నెట్ ప్రతి ఉచితంగానే ఇవ్వండి.