పీసీబీ అంచు పగలకుండా కోయాలంటే

పీసీబీని, అంటే ఎలక్ట్రానిక్ భాగాలు అతికించే సర్క్యూట్ బోర్డును, రేకు కత్తెరతో కోస్తే అంచు తెల్లబడి పొరలు లేస్తున్నాయన్నారు కదా, అది మీ చేతి తప్పు కాదండీ. 1.6 మిల్లీమీటర్ల ఎఫ్‌ఆర్‌4 బోర్డు అంటే గాజు బట్ట పొరల్ని ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించినది, కత్తెర దాన్ని కోయదు, నలిపేస్తుంది. ఆ తెలుపు లోపల పొరలు విడిపోయిన గుర్తు.

గీసి విరిచే పద్ధతి చూడండి. విరిగిన హాక్సా బ్లేడు ముక్క కొసను కొక్కెంలా సానబెట్టుకోండి, లేదా అక్రిలిక్ షీట్లు కోసే కట్టర్ తెచ్చుకోండి. స్టీలు స్కేలును గట్టిగా అదిమిపట్టి ఒకే గీత మీద పది పదిహేను సార్లు లాగాలి, మొదటి రెండు సార్లు మాత్రం మెల్లగా, ఎందుకంటే అక్కడ జారిందంటే గీత అడ్డంగా పోయి బోర్డు మీది ట్రాక్, అంటే కరెంటు పారే రాగి దారి, తెగుతుంది. ముందు రాగి సన్నటి తీగలా చుట్టుకుంటూ లేస్తుంది, తర్వాత పొడి రాలడం మొదలైతే గాడి బోర్డులోకి దిగినట్టే. వెనక వైపు కూడా సరిగ్గా అదే చోట గీయండి, చాలామంది ఇది వదిలేసే బోర్డు పాడుచేసుకుంటారు. గీతను బల్ల అంచుకు ఆనించి, పైనుంచి చెక్కముక్కతో నొక్కి ఒక్కసారిగా వంచితే టక్కున విరుగుతుంది.

సెంటీమీటరు కంటే సన్నటి ముక్క అయితే విరవకండి, అంగుళానికి 32 పళ్ళున్న బ్లేడుతో కోయండి.

ఇంట్లో పిల్లలున్నారన్నారు కాబట్టి ఒక్కటి గట్టిగా చెప్తున్నా, ఆ గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు పెట్టుకోండి, అంచుల్ని తడి ఎమెరీ పేపరుతోనే రుద్దండి, నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.