ఒనాసిస్‌కి అప్పు ఎలా పుట్టింది?

ప్రశ్న: నాకు రెండు ఆయిల్ ట్యాంకర్ లారీలున్నాయి. చర్లపల్లి డిపోలో లోడు ఎత్తుతాను. మూడోది కొనాలని ఉంది. గ్రీకు నౌకల యజమాని ఒనాసిస్ అప్పులతోనే ఓడలు కట్టించాడని మా అబ్బాయి అంటున్నాడు. అంత అప్పు ఎవరిచ్చారండీ?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. కాకపోతే ఒనాసిస్ చేతిలో అప్పటికే కొంత సొమ్ముంది. స్మిర్నాలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, పొగాకు వ్యాపారి ఇంట పుట్టాడు. 1922లో ఆ ఊరు తగలబడి కుటుంబం చెల్లాచెదురైంది. అర్జెంటీనా వెళ్లి రాత్రిపూట టెలిఫోన్ ఆపరేటర్‌గా చేశాడు, పొగాకు దిగుమతిలో సంపాదించాడు. 1930ల మాంద్యంలో పని లేక పడివున్న కెనడా ఓడల్ని కారుచౌకగా కొన్నాడు.

అప్పుల కథ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. ఓడ కట్టకముందే చమురు కంపెనీల దగ్గరకెళ్లి, ఏళ్ల తరబడి అద్దెకు తీసుకునేలా ఒప్పందం రాయించుకునేవాడు. ఆ కాగితం అమెరికా బ్యాంకుల ముందు, బీమా కంపెనీల ముందు పెట్టేవాడు. అద్దె కట్టేది పేరున్న చమురు కంపెనీ కదా, దాని పరపతి చూసి వాళ్లు అప్పిచ్చేవారు. నేను కోఠిలో బ్యాంకు లోన్ సెక్షన్‌లో ఉన్నప్పుడు లారీ ఫైలొస్తే, ఆర్‌సీ కన్నా ముందు రవాణా కాంట్రాక్టు తీసి గడువు తేదీ చూసేవాణ్ణి. వాయిదాలు అయిదేళ్లుండి కాంట్రాక్టు రెండేళ్లే ఉంటే సంతకం పెట్టబుద్ధయ్యేది కాదు. అందుకే ఒనాసిస్ పద్ధతంటే నాకు గౌరవం.

కానీ ఆ కంపెనీలే ఎదురుతిరిగిన రోజూ వచ్చింది. 1954లో సౌదీ చమురు రవాణాలో పెద్ద వాటా తన ఓడలకు దక్కేలా అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీలు మండిపడి అతని ఓడల్ని పక్కనపెట్టాయి. ట్యాంకర్లు లంగరేసుకుని ఖాళీగా నిలబడ్డాయి. 1956లో సూయజ్ కాలువ మూతపడి, చమురు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. అద్దెలు ఆకాశాన్నంటాయి. అప్పుడు ఖాళీ ఓడలున్నది అతని దగ్గరే! దీన్ని కాలం కలిసిరావడమనే అంటాను. జాక్వెలిన్ కెనడీతో 1968 నాటి పెళ్లి గురించి జనం ఎక్కువ చెప్పుకుంటారు గానీ, వ్యాపారంలో ఉన్నవాళ్లు చదవాల్సింది ఈ రెండేళ్ల సంగతి.

మూడో లారీకి లోన్ అప్లై చేసేముందు మీ కాంట్రాక్టు ఎప్పటితో ముగుస్తుందో చూసుకోండి. పొడిగిస్తామంటే రాతపూర్వకంగా తీసుకోండి. రెండు లారీలూ ఒకే కంపెనీకి తిరుగుతుంటే, మూడోదానికి ఇంకో కంపెనీ టెండర్ వేయండి.