టొరంటో సైకాలజిస్ట్ కెనెత్ జుకర్‌ని అన్యాయంగా తీసేశారంటున్నారు. అంటే ఆయన పద్ధతి సరైనదేనా?

మీరు అడిగింది ఇదీ: మీ అన్నయ్యవాళ్లు టొరంటో దగ్గర ఉంటారు. పదమూడేళ్ల మీ మేనకోడలు తను అబ్బాయినని చెబుతోంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో కెనెత్ జుకర్ గురించి ఒక మెసేజ్ పెట్టారు. "ఆయన ఇలాంటి పిల్లల్ని మామూలుగా చేసేవాడు, అందుకే కక్షగట్టి తీసేశారు, తర్వాత కోర్టులో గెలిచి కోట్లు తీసుకున్నాడు, కాబట్టి ఆయన చెప్పిందే నిజం" అని. ఇందులో ఎంత నిజముందో తెలుసుకోవాలనుకుంటున్నారు.

మేం టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో ఉంటాం. మా పెద్దబిడ్డ కూడా దాదాపు అదే వయసులో అదే మాట చెప్పాడు. ఆ రోజుల్లో నిద్రపట్టక జుకర్ గురించి దొరికినవన్నీ చదివాను, ఆయన రాసిన పేపర్లతో సహా. ఈ సమాధానం మావాడికి చూపించి, వాడు సరే అన్నాకే పెడుతున్నాను.

జుకర్ చిన్నాచితకా మనిషి కాదు. టొరంటోలోని క్లార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో 1970ల్లో సూజన్ బ్రాడ్లీ అనే సైకియాట్రిస్టు ఇలాంటి పిల్లల కోసం ఒక క్లినిక్ మొదలుపెట్టారు. జుకర్ తన కెరీర్ దాదాపు అంతా అక్కడే పనిచేసి, తర్వాత దానికి అధిపతి అయ్యారు. క్లార్క్ తర్వాత మరికొన్ని సంస్థలతో కలిసి సీఏఎంహెచ్ అనే పెద్ద మానసిక ఆరోగ్య ఆసుపత్రి అయింది. మానసిక సమస్యల్ని వర్గీకరిస్తూ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే డీఎస్ఎం పుస్తకం ఐదో ఎడిషన్‌లో లైంగికత, జెండర్ భాగం చూసిన కమిటీకి ఆయనే చైర్మన్. ఆయన ఆ పదవిలో వద్దని 2008లో వేలమంది సంతకాలు పెట్టారు. 2013లో వచ్చిన అదే పుస్తకం 'జెండర్ ఐడెంటిటీ డిజార్డర్' అనే జబ్బు పేరు తీసేసి 'జెండర్ డిస్ఫోరియా' అని పెట్టింది. అంటే ట్రాన్స్‌గా, పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదని అనిపించే మనిషిగా, ఉండటం రోగం కాదు, దానివల్ల మనిషి పడే బాధకు వైద్యం అవసరం అన్నది ఆ మార్పు ఉద్దేశం. వాట్సాప్ మెసేజ్‌లో కనిపించే జుకర్‌కి, ఈ జుకర్‌కి పొంతన కుదరదు.

ఆయన మీద గొడవంతా చిన్నపిల్లల విషయంలో. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో జెండర్ ఇంకా గట్టిపడదని, పుట్టిన శరీరంతోనే సర్దుకునేలా సాయం చేయగలిగితే జీవితాంతం హార్మోన్లు, సర్జరీలు తప్పుతాయని ఆయన నమ్మారు. కాబట్టి తల్లిదండ్రులకు చెప్పే సలహాలు అలాగే ఉండేవి: అబ్బాయి అయితే బార్బీ బొమ్మలు, గౌన్లు తగ్గించండి, మగపిల్లలతో ఆడించండి, ఇంట్లో ఉన్న ఇతర సమస్యలకు థెరపీ తీసుకోండి. 2008లో అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో (ఎన్‌పీఆర్) ఆయన దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం కథ చెప్పింది. బొమ్మలు తీసేశాక ఆ బిడ్డ చిన్న విషయానికే బాగా ఏడ్చేవాడట, కొన్ని బొమ్మల్ని చాటుగా దాచుకునేవాడట. అది చదివి నాకు చాలా బాధేసింది. అమ్మానాన్నల కంటపడకుండా దాక్కోవడం తప్ప ఆ వయసు బిడ్డ దానివల్ల ఇంకేం నేర్చుకుంటాడు? ఆయన ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ ఆ పద్ధతిని నేను సమర్థించలేను.

టీనేజర్ల విషయంలో మాత్రం ఆయన దారి వేరు. యుక్తవయసు వచ్చాక కూడా ఆ బాధ పోకపోతే, ఇక మారే అవకాశం తక్కువని చెప్పి, యుక్తవయసు మార్పుల్ని ఆపే మందులకు చాలామందిని ఆయన క్లినిక్కే సిఫారసు చేసింది. ఈ సంగతి ఆయన్ని పొగిడేవాళ్లూ చెప్పరు, తిట్టేవాళ్లూ చెప్పరు. పదమూడేళ్ల పిల్ల విషయంలో అసలు కావాల్సింది ఇదే.

ఇక తీసేయడం సంగతి. 2015 జూన్‌లో, టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టసభ బిల్ 77 ఆమోదించింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల జెండర్‌నో, లైంగికతనో మార్చే 'చికిత్స' చేయకూడదన్నది దాని సారాంశం. అదే సంవత్సరం సీఏఎంహెచ్ బయటి నుంచి ఇద్దరు సైకియాట్రిస్టుల్ని పిలిచి క్లినిక్ మీద సమీక్ష చేయించింది. క్లినిక్ అలాంటి చికిత్స చేయడం లేదని చెప్పలేమని వాళ్లు రాశారు. చేస్తోందని తేల్చనూ లేదు. డిసెంబర్‌లో జుకర్‌ని తీసేసి, క్లినిక్ మూసేసి, నివేదికను ఆన్‌లైన్‌లో పెట్టేశారు. జుకర్ ఒక పాత పేషెంట్‌తో, ఆ పేషెంట్ ఒంటిమీద వెంట్రుకల గురించి నీచంగా, పురుగుతో పోల్చి మాట్లాడారని అందులో ఉంది. తీరా చూస్తే ఆ మాట అన్నది జుకర్ కాదని, వేరే డాక్టరుని జుకర్ అనుకున్నానని ఆ పేషెంటే తర్వాత ఒప్పుకున్నారు. నివేదిక బయటపెట్టే ముందు జుకర్‌కి చూపించనే లేదు. ఐదొందల మందికి పైగా డాక్టర్లు, పరిశోధకులు ఆయన తరఫున సంతకాలు చేశారు.

ఆయన కేసు వేశారు. తీర్పు దాకా పోలేదు. 2018 అక్టోబర్‌లో సీఏఎంహెచ్ రాజీకి వచ్చి, క్షమాపణ చెప్పి, నష్టపరిహారం, లాయర్ల ఖర్చులు, వడ్డీ కలిపి 5,86,000 కెనడా డాలర్లు ఇచ్చింది. అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయల పైమాటే. కాబట్టి కోట్లు నిజం, కోర్టు తీర్పు అబద్ధం.

ఆ క్షమాపణ నివేదికలో జరిగిన పొరపాట్లకు. పిల్లల దగ్గర బొమ్మలు తీసేయమనే సలహా మంచిదా కాదా అన్నది ఆ రాజీలో ఎవరూ తేల్చలేదు. మనిషికి అన్యాయం జరిగింది, ఆ మాట గట్టిగానే చెప్పాలి. ఆయన పద్ధతి మీద ట్రాన్స్ మనుషులు దశాబ్దాలుగా చెబుతున్న బాధ కూడా ఉంది, దాన్ని ఆ డబ్బుతో కొట్టేయలేం. గ్రూపుల్లో ఎవరికి ఏది కావాలంటే దాన్నే పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు.

"88 శాతం పిల్లలు వాళ్లంతట వాళ్లే మామూలవుతారు" అనే అంకె కూడా మీకు వచ్చే ఉంటుంది. అది ఆ క్లినిక్ లెక్కే. 2008 పేపర్లో 25 మంది ఆడపిల్లల్ని పెద్దయ్యాక చూస్తే ముగ్గురిలోనే డిస్ఫోరియా మిగిలింది. 2021 పేపర్లో 139 మంది మగపిల్లల్లో 17 మందిలో. కానీ ఆ మగపిల్లల్లో చిన్నప్పుడు పూర్తి డయాగ్నసిస్‌కి సరిపోయినవాళ్లు 63 శాతమే. మిగతావాళ్లలో ఆడపిల్లల ఆటలు ఇష్టపడే మామూలు మగపిల్లలు కూడా ఉండొచ్చు. వీళ్లలో చాలామంది పెద్దయ్యాక గే లేదా బైసెక్సువల్ అయ్యారు. కాబట్టి "మామూలవడం" అంటే మన చుట్టాలు అనుకునేది కాదు. పైగా ఆ మగపిల్లలు క్లినిక్‌కి వచ్చినప్పుడు సగటు వయసు ఏడున్నర ఏళ్లు. మీ మేనకోడలికి పదమూడు. ఏడేళ్ల పిల్లల లెక్క పదమూడేళ్ల పిల్లకి వేయకూడదు. అమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన టీమ్ పదేళ్ల నుంచి పదమూడేళ్ల మధ్య కాలం చాలా కీలకమని, ఆ బాధ ఎవరిలో నిలుస్తుందో, ఎవరిలో తగ్గుతుందో అప్పుడే తెలుస్తుందని రాసింది.

అవతలివైపు అంకె కూడా చెబుతాను. 2022లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో, చిన్నప్పుడే పేరు, బట్టలు మార్చుకుని బతికిన 317 మంది పిల్లల్లో ఐదేళ్ల తర్వాత 94 శాతం ట్రాన్స్‌గానే ఉన్నారు. ఈ పిల్లలు వేరు, జుకర్ దగ్గరికి వచ్చిన పిల్లలు వేరు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒకదాంతో ఒకటి కొట్టేయడం కుదరదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మావాడికి పీరియడ్స్ మొదలైన కొద్ది రోజులకే గుంటూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి, ఓణీల ఫంక్షన్ ఎప్పుడని. మా అత్తగారు పట్టుచీర కొనేశారు, హాలు చూసేశారు. వాడు తిండి మానేశాడు, స్కూల్‌కి పోనన్నాడు, స్నానానికి బాత్రూమ్‌లో లైటు వేసేవాడు కాదు. ఏడుస్తూ అసలు విషయం చెప్పింది అప్పుడే. ఒక చుట్టం ద్వారా ఊళ్లో ఒక కౌన్సెలర్‌తో వీడియో కాల్ ఏర్పాటైంది. ఆయన వాడితో కొంచెంసేపు మాట్లాడి, జుట్టు పెంచమని, గాజులు వేయమని, ఫోన్ తీసేస్తే ఆరు నెలల్లో మారుతుందని గ్యారంటీ ఇచ్చాడు. ఆ కాల్ తర్వాత వాడు మాతో మాట్లాడటం మానేశాడు. మా ఆయన ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి ఇక వద్దని చెప్పేశారు.

తర్వాత ఇక్కడ ఒక సైకాలజిస్టు దొరికింది. ఆవిడ మొదట జెండర్ మాటే ఎత్తలేదు. నిద్ర, తిండి, స్కూల్లో ఎవరు ఏడిపిస్తున్నారు, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగింది. వాడి యాంగ్జయిటీకి విడిగా థెరపీ ఇచ్చింది. మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి, నేను ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది. "మీ బిడ్డ ఎలా తేలాలని నాకు ఏ కోరికా లేదు" అంది. నాకు ఆవిడమీద నమ్మకం కలిగింది ఆ మాటతోనే. నెలలు గడిచాయి. తొందరపెట్టలేదు, ఆపనూ లేదు. మావాడు ఇప్పుడు యూనివర్సిటీలో ఉన్నాడు, మా అబ్బాయిగానే. మాకు అలా తేలిందని మీకూ అలాగే తేలుతుందని చెప్పను.

ఒక ముఖ్యమైన విషయం. "ఒక సమ్మర్ ఇండియా పంపండి, ఇక్కడ కౌన్సెలింగ్ ఇప్పిద్దాం" అని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. 2022 జనవరి నుంచి కెనడాలో సీ-4 చట్టం అమల్లో ఉంది. జెండర్ మార్పించే చికిత్స కోసం బిడ్డను దేశం దాటించడం కూడా అందులో నేరమే. ఇండియాలో కూడా ఇది తప్పే: 2021లో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి చికిత్సల్ని తప్పుపట్టారు, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని డాక్టర్ల దుష్ప్రవర్తనగా ప్రకటించింది. చట్టానికి భయపడి కెనడా సైకాలజిస్టులు పిల్లలతో నోరు విప్పి మాట్లాడరన్నది కూడా నిజం కాదు. ఏ ఫలితం రావాలో ముందే నిర్ణయించుకోకుండా, బిడ్డ తన గురించి తాను ఆలోచించుకోవడానికి చేసే సాయాన్ని ఆ చట్టం నిషేధించదు.

మందుల విషయంలో వాదనలు ఇంకా సాగుతున్నాయి. ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక, యుక్తవయసుని ఆపే మందులకు ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది. దాన్ని తప్పుపట్టిన నిపుణులూ ఉన్నారు. మీ అన్నయ్యవాళ్లు ఈ వాదన ఇంట్లో తేల్చుకోవాల్సిన పనిలేదు. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, టీనేజర్ల జెండర్ క్లినిక్‌కి రిఫరల్ అడగమనండి. వెయిటింగ్ ఉంటుంది, ఆలోపు మామూలు సైకాలజిస్టుని చూడొచ్చు. మొదటి అపాయింట్‌మెంట్‌లోనే రెండు అడగాలి: డిప్రెషన్, ఆటిజం, స్కూల్లో వేధింపులు లాంటివి కూడా చూస్తారా? పాప మనసు మారినా, మారకపోయినా మీరు ఇలాగే చూస్తారా? మొదటి గంటలోనే గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర ఆగొద్దు, ఆ గ్యారంటీ ఏ వైపుదైనా సరే.

మేనత్తగా మీ మాట మీ ఇంట్లో చెల్లుతుంది. ఆ గ్రూపులోంచి పాప పేరు తీయించండి. ఫంక్షన్ మాట వస్తే వాయిదా వేయించండి, కారణం చుట్టాలకు చెప్పక్కర్లేదు. పాప తినడం, నిద్రపోవడం బాగా తగ్గినా, చావు మాట ఎత్తినా క్లినిక్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లమనండి. కెనడాలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకు సాయం చేసే 9-8-8 హెల్ప్‌లైన్‌కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.