చలి నీళ్ళలో బాస్ చేప పడాలంటే ఎర లాగే వేగం తగ్గించండి

నవంబరు చివర్లో అమెరికాలోని జార్జియాలో ఉన్న లేక్ లేనియర్‌కి తెల్లవారకుండానే వెళ్ళి, క్రాంక్‌బైట్ (లాగితే చేపపిల్లలా ఈదే గట్టి ఎర) ఎన్నిసార్లు విసిరినా ఒక్క బాస్ కూడా పడలేదన్నారు కదా. చెరువు మంచిదేనండీ, మీరు ఎర లాగే వేగమే ఎక్కువైంది. నీళ్ళు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి దిగాక బాస్‌కి అరుగుదల మందగిస్తుంది, ఎర వెనక ఎక్కువ దూరం రాదు.

మధ్యాహ్నం ఎండ తగిలే రాతిగట్టు, అదీ గబుక్కున లోతుకి దిగేది చూసుకోండి. 3/8 ఔన్సు గోధుమరంగు జిగ్ (తల దగ్గర బరువున్న గాలపు ఎర) వేసి అడుగు తాకనివ్వండి. జానెడు జరిపి, పది లెక్కపెట్టే దాకా కదపకండి. గట్టి దెబ్బ కోసం ఎదురుచూస్తే చేప పోయినట్టే. దారం మెల్లగా పక్కకి జరుగుతుంది, లేదా తడిగుడ్డ తగులుకున్నట్టు బరువనిపిస్తుంది. అప్పుడే లాగాలి.

పడవలో వెళ్తే లైఫ్ జాకెట్ తీయొద్దు, ఆ చలి నీళ్ళలో ఈత పనికిరాదు.