రికార్డులు పోయినా డిస్క్ ఎందుకు ఖాళీ కాలేదు?

సందేహం: డయాగ్నస్టిక్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటాం. రిపోర్టుల పీడీఎఫ్‌లను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లార్జ్ ఆబ్జెక్టులుగా (పెద్ద ఫైళ్లను టేబుల్ బయట విడిగా ఉంచే పద్ధతి) దాస్తున్నాం. వాడేది జావా, దాన్ని డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్. పాత రికార్డులు డిలీట్ చేశాం, టెస్టులన్నీ పాసయ్యాయి, డిస్క్ మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది? – ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు డిలీట్ చేసింది పీడీఎఫ్ నంబర్‌ని మాత్రమే, పీడీఎఫ్ అలాగే ఉంది. మీ టేబుల్‌లో ఉండేది ఓఐడీ అనే ఒక అంకె. అసలు డేటా 2,048 బైట్ల ముక్కలుగా పీజీ_లార్జ్‌ఆబ్జెక్ట్ అనే సిస్టమ్ టేబుల్‌లో ఉంటుంది. రెంటికీ మధ్య ఫారిన్ కీ (రెండు టేబుళ్ల రికార్డులను ముడివేసే బంధం) లాంటిదేమీ లేదు కాబట్టి రికార్డు పోయినా ముక్కలు పోవు. ఆబ్జెక్టును తొలగించే ఎల్ఓ_అన్‌లింక్ ఫంక్షన్‌ని మీరే పిలవాలి, లేదా 'ఎల్ఓ' ఎక్స్‌టెన్షన్‌లోని ఎల్ఓ_మేనేజ్ ట్రిగ్గర్ (రికార్డు మారినప్పుడు తనంతట తానే నడిచే కోడ్) పెట్టుకోవాలి. ఈ ట్రిగ్గర్ డిలీట్‌కీ అప్‌డేట్‌కీ పనిచేస్తుంది. ట్రంకేట్‌తో టేబుల్‌ని ఒక్కసారిగా ఖాళీ చేసినా, టేబుల్‌నే డ్రాప్ చేసినా దానికి తెలియదు.

ఇక టెస్టులు. అవి రికార్డు పోయిందా లేదా అని చూసి ఊరుకుంటున్నట్టున్నాయి. పీజీ_లార్జ్‌ఆబ్జెక్ట్_మెటాడేటాలో ఒక్కో ఆబ్జెక్టుకు ఒక్కో రో ఉంటుంది. డిలీట్‌కు ముందూ తర్వాతా ఆ లెక్క చూడండి. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో చాలామంది చేసినట్టు ప్రతి టెస్టునూ రోల్‌బ్యాక్‌తో (మార్పులన్నీ వెనక్కి తీసుకుని) ముగిస్తుంటే, లార్జ్ ఆబ్జెక్టులు కూడా ట్రాన్సాక్షన్‌లో భాగమే కనుక చెత్త మొత్తం దానితోపాటే మాయమైపోతుంది. కమిట్ చేసి (మార్పులను ఖాయం చేసి) చూసే టెస్టు ఒకటైనా ఉండాల్సిందే. పాత రిపోర్టు స్థానంలో కొత్తది ఎక్కించే సందర్భాన్నీ పరీక్షించండి. నా లెక్కలో అనాథ ఆబ్జెక్టులు ఎక్కువగా పుట్టేది అక్కడే, ఎవరూ చూడనిదీ అదే. డిస్క్ ఎంత పడుతుందో కొలవాలంటే సున్నాలతో నింపిన ఫైలు వాడొద్దు. పోస్ట్‌గ్రెస్ ఆ ముక్కలను కంప్రెస్ చేసేస్తుంది, అంకెలు చూసి సంబరపడతారు. ర్యాండమ్ బైట్లు వాడండి.

ఇప్పటికే పేరుకున్నదాన్ని వాక్యూమ్‌ఎల్ఓ అనే టూల్ తీసేస్తుంది. కానీ ఆగండి. అది ఓఐడీ, ఎల్ఓ టైపు కాలమ్‌లను మాత్రమే వెతుకుతుంది. హైబర్నేట్‌లో స్ట్రింగ్ ఫీల్డుకు లాబ్ (ఇది పెద్ద డేటా అని చెప్పే గుర్తు) అని రాస్తే, ఆ ఓఐడీ టెక్స్ట్ కాలమ్‌లో చేరే అవకాశం ఉంది. అప్పుడు వాడుకలో ఉన్న ఆబ్జెక్టులు కూడా దాని కంటికి చెత్తే, నిర్దాక్షిణ్యంగా తుడిచేస్తుంది! కాలమ్ టైపులు చూసుకుని, ముందు డ్రై రన్ (ఏదీ తుడవకుండా ఏం పోతుందో చూడటం) చేయండి. బ్యాకప్ మొత్తం డేటాబేస్‌ది తీయండి. బ్యాకప్ తీసే పీజీ_డంప్‌లో ఒక్క టేబుల్ పేరిస్తే, విడిగా అడగనిదే లార్జ్ ఆబ్జెక్టులు రావు.

ఇంత చేశాకా డిస్క్ వెంటనే తగ్గదు. ఖాళీ అయిన చోటును పోస్ట్‌గ్రెస్ కొత్త ఫైళ్లకు వాడుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి రావాలంటే టేబుల్‌ని మళ్లీ కొత్తగా రాసే వాక్యూమ్ ఫుల్ నడపాలి, అంతసేపూ ఆ టేబుల్‌కు తాళమే. రోజూ కొత్త రిపోర్టులు వస్తున్నప్పుడు ఆ టెన్షన్ అనవసరం.

సందేహం: కొత్త ప్రాజెక్టులో ఇలాంటి ఫైళ్లకు లార్జ్ ఆబ్జెక్టా, బైటియానా (ఫైలును టేబుల్ కాలమ్‌లోనే బైట్లుగా దాచే టైపు)? – మరో పాఠకుడు

జవాబు: కొద్ది ఎంబీల పీడీఎఫ్‌లకు బైటియానే. రికార్డుతోపాటే డేటా పోతుంది, పరిమితి 1 జీబీ. లార్జ్ ఆబ్జెక్ట్ 4 టీబీ దాకా వెళ్తుంది, పెద్ద ఫైలులో మధ్య భాగాన్ని మాత్రమే చదవాల్సి వస్తే అప్పుడు దానివైపు చూడండి.